చుక్కల్లో కొలిచే తైలం



ఊటీ వెళ్లొచ్చిన తెలుగువాళ్ల సంచిలో మూడు వస్తువులు ఉంటాయి. టీ పొడి, చాక్లెట్లు, నీలగిరి తైలం. చాక్లెట్లు దారిలోనే అయిపోతాయి. టీ పొడి నెల తిరక్కుండా అయిపోతుంది. తైలం సీసా మాత్రం ఏళ్లకేళ్లు ఇంట్లో ఉండిపోతుంది. జలుబు చేస్తే తీస్తాం. ఓసారి వాసన చూస్తాం. మళ్లీ ఎక్కడో పెట్టేస్తాం. ఎక్కడ పెట్టామన్నది పెద్దగా పట్టించుకోం. ఇవాళ ఆ సీసా గురించే మీతో మాట్లాడాలని వచ్చాను.

అసలు మాట ముందే చెప్పేస్తాను. ఈ ప్రసంగంలో ఇదే మాట మళ్లీ మళ్లీ వస్తుంది, విసుక్కోకండి. నీలగిరి తైలాన్ని చుక్కల్లో కొలవాలి. చెంచాల్లో కొలవకూడదు. దాన్ని వాసన పీల్చడానికీ, పైపూతకీ వాడాలి. మింగకూడదు.

ఇంత చిన్న సంగతి చెప్పడానికి రేడియో దాకా రావాలా అని మీకు అనిపించవచ్చు. రావాలి. ఎందుకంటే దాని పేరే మనల్ని పొరపాటు పడేలా చేస్తోంది.

తైలం అనే మాట తిల అనే మాట నుంచి పుట్టింది. తిల అంటే నువ్వులు. నువ్వుల నుంచి తీసిందే మొదట తైలం. తర్వాత అన్ని నూనెలనూ తైలం అనడం అలవాటైంది. మనకు నూనె అంటే భయం లేదు. నువ్వుల నూనె అన్నంలో కలుపుకుంటాం. కొబ్బరి నూనె తలకు పట్టిస్తాం. మా చిన్నప్పుడు ఆముదం చెంచాతో పోసి తాగించేవాళ్లు, ముక్కు మూసి మరీ. ఆ వరసలోనే నీలగిరి తైలాన్ని కూడా కూర్చోబెట్టాం. అది ఆ వరసలోది కాదు.

నేను కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేదాన్ని. పిల్లలకు ఈ తేడా చూపించడానికి రెండు కాగితం ముక్కలు చాలు. మీరూ ఇంట్లో చేసి చూడండి. ఒక కాగితం మీద నువ్వుల నూనె ఒక చుక్క వేయండి. ఇంకో కాగితం మీద నీలగిరి తైలం ఒక చుక్క వేయండి. రెండూ కాసేపు ఒకేలా కనబడతాయి. కాగితం తడిసి, వెలుతురు అవతలికి కనిపిస్తుంది. మర్నాడు చూడండి. నువ్వుల నూనె మరక అలాగే ఉంటుంది. బజ్జీలు చుట్టిచ్చిన కాగితంలా ఉంటుంది. నీలగిరి తైలం వేసిన కాగితం మీద ఏమీ ఉండదు. ఆ చుక్క గాలిలో కలిసిపోయింది. ఒకవేళ జిడ్డు మరక మిగిలిందా, అందులో ఇంకేదో నూనె కలిపారని అర్థం. మరక మిగలకపోతే మాత్రం స్వచ్ఛమైనదేనని ధీమా పడకండి. టర్పెంటైన్ లాంటివి కలిపినా అవీ ఎగిరిపోతాయి.

అంటే ఏమిటి? నువ్వుల నూనెలో ఉండేది కొవ్వు. మన శరీరానికి దాన్ని అరిగించుకోవడం తెలుసు. నీలగిరి తైలంలో కొవ్వు అసలు లేదు. అందులో ఉండేది ఆకు వాసన. వాసననంతా పోగుచేసి సీసాలో పోస్తే అది నీలగిరి తైలం.

ఆ వాసన ఆకులో ఎక్కడ ఉంటుందో చూద్దాం. నీలగిరి చెట్టు మీకు అందుబాటులో లేకపోతే జామ ఆకు తీసుకోండి. ఎండకు అడ్డంగా పట్టుకుని చూడండి. ఆకు నిండా సూదితో పొడిచినట్టు సన్నని చుక్కలు మెరుస్తాయి. అవి నూనె తిత్తులు. ఆకును నలిపితే ఆ తిత్తులు చిట్లుతాయి, వాసన వస్తుంది. జామ, నేరేడు, లవంగం, నీలగిరి, ఇవన్నీ వృక్షశాస్త్రంలో ఒకే కుటుంబం. మన పెరటి జామచెట్టుకీ ఊటీ కొండమీది చెట్టుకీ చుట్టరికం ఉందని తెలిసిన రోజు నాకు ఎంత సంబరమైందో.

ఇప్పుడు ఆ తిత్తుల్లోంచి తైలాన్ని ఎలా బయటికి తీస్తారు? కోనసీమ శ్రోతలకు ఇది సులువుగా అర్థమవుతుంది. పనసాకుల బుట్టల్లో ఇడ్లీపిండి పోసి పొట్టిక్కలు వండుతారు కదా. ఆవిరి ఆకును తాకుతుంది. ఆకు వాసన ఆవిరితోపాటు పిండిలోకి దిగుతుంది. నీలగిరి బట్టీలోనూ ఇదే పని జరుగుతుంది. పెద్ద పీపాలో ఆకు కూరి, కింద మంట పెడతారు. నీటి ఆవిరి ఆకుల్లోంచి పైకి పోతూ తైలాన్ని వెంటబెట్టుకుని పోతుంది. ఆ ఆవిరిని గొట్టంలోంచి పంపి చల్లారిస్తే నీళ్లూ తైలమూ కలిసి కారతాయి. తైలం నీళ్లకంటే తేలిక. పులుసు మీద నూనెలా పైకి తేలుతుంది. పైనుంచి తీసుకుంటారు. పని అయిపోయిన ఆకును పారేయరు. ఎండబెట్టి మళ్లీ అదే పొయ్యిలోకి వేస్తారు. 

ఈ తైలంలో ముఖ్యమైన పదార్థం పేరు సినియోల్. ఇది విడిగా మరగాలంటే 176 డిగ్రీల వేడి కావాలి. నీటి ఆవిరి తోడుంటే వంద డిగ్రీల లోపే బయటికొచ్చేస్తుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. ఆవిరి పట్టే గిన్నె దగ్గర మళ్లీ కావాలి.

ఇక లెక్కకు వద్దాం. చిన్న లెక్కే. వంద కిలోల ఆకు నుంచి దాదాపు ఒక కిలో తైలం వస్తుంది. అంటే ఒక టీస్పూను తైలం వెనక దాదాపు అరకిలో ఆకు ఉంది. అరకిలో ఆకుకూర ఎంతుంటుందో మీకు తెలుసు. గోంగూర కట్టలతో బజారు సంచి సగం నిండుతుంది. అంత ఆకు సారాన్ని ఒక చెంచాలో పోసి పిల్లవాడి నోట్లో వేస్తే ఏమవుతుంది? చెంచా చిన్నదిగా కనిపిస్తుంది గానీ అందులో ఉన్నది చిన్నది కాదు. అందుకే చుక్కల్లో కొలవమంటున్నాను. ఒక టీస్పూనులో దాదాపు వంద చుక్కలు పడతాయి. మనకు ఎప్పుడూ కావలసింది రెండో మూడో.

ఈ చెట్టు మనది కాదు. ఆస్ట్రేలియాది. దాని ఆకును అక్కడి ఆదివాసులు తరతరాలుగా మందుగా వాడుకున్నారు. 1852లో విక్టోరియా రాష్ట్రంలో జోసెఫ్ బొసిస్టో అనే ఔషధ వ్యాపారి బట్టీ పెట్టి తైలం అమ్మకం మొదలుపెట్టాడు. ఆయన్ని ప్రోత్సహించినవాడు మ్యూలర్ అనే వృక్షశాస్త్రవేత్త. మన నీలగిరి కొండలకు ఈ చెట్టు 1843లో వచ్చిందని చెబుతారు. తెల్లదొరలకు చలి మంటలకు కట్టెలు కావలసి వచ్చాయి. త్వరగా పెరిగే చెట్టని తెచ్చి నాటారు. మందు కోసం నాటలేదు. కొండలకు నీలగిరి అన్న పేరు అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు నుంచే ఉంది. కొండ పేరు చెట్టుకొచ్చింది. చెట్టు పేరు తైలానికొచ్చింది.

ఖమ్మం, ప్రకాశం, నెల్లూరు జిల్లాల శ్రోతలు ఈపాటికి అనుకుంటూ ఉంటారు, మా చేలల్లో జామాయిల్ తోటలు ఉన్నాయి కదా అని. నిజమే. నీలగిరి చెట్టులాగే జామాయిల్ కూడా యూకలిప్టస్సే. కాకపోతే కాగితం గుజ్జు కోసం పెంచే రకాలు వేరు. ఊటీ చెట్టు రకం వేరు. తైలం తీరూ వేరుగా ఉంటుంది. ఐరోపా ఔషధ ప్రమాణాల ప్రకారం మందుగా అమ్మే నీలగిరి తైలంలో కనీసం 70 శాతం సినియోల్ ఉండాలి. జామాయిల్ ఆకు తెంపుకొచ్చి మరిగించి కషాయం తాగడం లాంటి పనులు మాత్రం చేయకండి. ఇంకో రకం కూడా ఉంది, నిమ్మ వాసన వచ్చే యూకలిప్టస్. దోమల మందుల్లో వాడేది దాన్నుంచి తీసిందే. ఊటీ సీసాలోని తైలం పూసుకుని దోమలు కుట్టవనుకోవద్దు.

ఇప్పుడు మీకు బాగా ఆసక్తి ఉన్న సంగతి. జలుబు చేసినప్పుడు ఈ వాసన పీలిస్తే హాయిగా ఎందుకుంటుంది?

ఏలక్కాయ నమిలి గట్టిగా గాలి పీల్చి చూడండి. నోరంతా చల్లబడ్డట్టు ఉంటుంది. నోట్లో నిజంగా చల్లదనమేమీ చేరలేదు. ఏలకుల్లో కూడా సినియోల్ ఉంది. మన ముక్కులో, నోట్లో చల్లదనాన్ని పసిగట్టే నరాల కొసలు ఉంటాయి. ఇలాంటి వాసనలు వాటిని తట్టి లేపుతాయి. చల్లగాలి తగిలిందని మెదడుకు కబురు పోతుంది. ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది. పరికరాలతో కొలిచి చూశారు. ముక్కులోంచి పోయే గాలి పెద్దగా పెరగలేదు. పెరిగినట్టు అనిపించింది, అంతే.

అలాగని దాన్ని తీసిపారేయకండి. అర్ధరాత్రి ముక్కు దిబ్బడ వేసి నిద్ర పట్టనివాడికి ఆ అనిపించడమే పెద్ద ఉపకారం. నేను కూడా వాడతాను. కానీ అది జలుబును తగ్గించడం లేదని తెలుసుకుని వాడతాను. జలుబు దాని గడువు ప్రకారం అదే పోతుంది. ఇది తెలిస్తే ఒక మేలుంది. రెండు చుక్కలతో తగ్గలేదు, ఇరవై చుక్కలు వేద్దాం అన్న ఆలోచన రాదు.

మరి ఎలా వాడాలి? అన్నిటికంటే మంచి పద్ధతి అన్నిటికంటే సులువైనదే. చేతిరుమాలు మీద ఒక్క చుక్క వేసుకోండి, లేదా రెండు. జేబులో పెట్టుకోండి. కావలసినప్పుడు ముక్కుకు కాస్త దూరంగా పట్టుకుని పీల్చండి. చాలు.

ఆవిరి పట్టడం మనకు బాగా అలవాటు. 2021లో కరోనా రెండో విడత వచ్చినప్పుడు ఇంటింటా ఆవిరి పట్టారు. ఇక్కడ తైలంకంటే ముందు భయపడాల్సింది వేడినీళ్లకు. పొయ్యి మీదున్న గిన్నె మీదికి వంగకండి. గిన్నె దించి, కదలని చోట పెట్టండి. ఒళ్లో పెట్టుకోకండి, మంచం మీద పెట్టకండి. కాసేపు పొగలు తగ్గనివ్వండి. రెండు చుక్కలు వేయండి. ఇందాక చెప్పాను, ఆవిరి తైలాన్ని వెంటబెట్టుకుని పైకి తెస్తుందని. పైగా తైలం నీళ్లలో కరగదు, పైనే తేలుతుంది. అందుకే రెండు చుక్కలే ఒక్కసారిగా గుప్పుమంటాయి. కళ్లు మండుతాయి. కళ్లు మూసుకోండి. ఐదు నిమిషాలు చాలు. తైలం లేకుండా ఉత్త ఆవిరి పట్టినా తప్పు లేదు.

చిన్నపిల్లలకు మాత్రం ఆవిరి పట్టకండి. దుప్పటి కప్పగానే పిల్లలు బెదురుతారు, కాలు విసురుతారు, గిన్నె తిరగబడుతుంది. పిల్లలు ఇలా కాలి ఆసుపత్రులకు వస్తూనే ఉంటారు. అలాగే పసిపిల్లల ముక్కు దగ్గర, ముఖం మీద ఈ తైలం రాయకండి. పెద్దవాళ్లకు హాయినిచ్చే ఘాటు పసివాళ్లకు ఊపిరి బిగబట్టేలా చేస్తుంది. రెండేళ్ల లోపు పిల్లలకు ఇది అసలు వద్దు.

ఒళ్లు నొప్పులకు రాసుకునేవాళ్లు సీసాలోంచి నేరుగా రాయకండి. చర్మం మండుతుంది. దీన్ని కొబ్బరి నూనెలోనో నువ్వుల నూనెలోనో కలపాలి. రెండు టీస్పూన్ల నూనెకు నాలుగు చుక్కలు. ఆవకాయలో కారం కలిపేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉంటామో అంత జాగ్రత్త కావాలి. మొదట మోచేతి దగ్గర కొంచెం రాసి చూసుకోండి. స్నానం నీళ్లలో వేసుకోకండి. అది నీళ్లలో కలవదని చెప్పాను కదా. ఏ చుక్క ఎక్కడ అంటుకుంటే అక్కడే మంట పెడుతుంది.

నొప్పులకు వాడే బామ్ డబ్బాల మీద పేర్లు చదవండి. నీలగిరి తైలం, కర్పూరం, మెంథాల్, వీటిలో ఏదో ఒకటి తరచూ కనిపిస్తుంది. బామ్ అనగానే తెలుగువాళ్లకు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు గుర్తొస్తారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ రాబడితో ఆంధ్రపత్రిక నడిపిన మహానుభావుడు. బామ్‌లో ఘాటు పదార్థాలను మైనం లాంటి దానిలో కలిపి పలచన చేసి ఉంచుతారు. మనం కొబ్బరి నూనెలో కలిపేది కూడా అందుకే.

ఉబ్బసం ఉన్నవాళ్లకు ఈ ఘాటు పడకపోవచ్చు. ఆయాసం పెరిగితే వెంటనే ఆపేయండి. మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్లు దీని జోలికి పోకపోవడం మంచిది. దక్షిణ భారతంలోని నరాల వైద్యులు ఈ సంగతి ప్రత్యేకంగా గమనించారు. నీలగిరి తైలం, కర్పూరం ఉన్న మందులు వాడిన తర్వాత కొందరికి మూర్ఛ వచ్చింది. అందుకని ఫిట్స్ వచ్చినవాళ్లను వాళ్లు ఇప్పుడు అడుగుతారు, ఏదైనా బామ్ రాసుకున్నారా, తైలం పీల్చారా అని. గర్భిణులు డాక్టర్ని అడక్కుండా వాడొద్దు.

ఇంటి పనుల్లో కూడా ఇది బాగా పనికొస్తుంది. కొత్త స్టీలు గిన్నె మీద అంటించిన కాగితం పీకితే జిగురు మిగిలిపోతుంది చూడండి, గుడ్డ మీద రెండు చుక్కలు వేసి రుద్దితే పోతుంది. బట్టకంటిన తారు మరక కూడా వదులుతుంది. ఇల్లు తుడిచే నీళ్లలో కొన్ని చుక్కలు వేసుకుంటే గది మంచి వాసన వస్తుంది. పిల్లీ కుక్కా ఉన్న ఇళ్లలో ఇది వద్దు. నేల మీద నడిచిన కాళ్లను అవి నాకుతాయి, వాటికి ఇది విషం. జిగురును కరిగించేది ప్లాస్టిక్‌నీ వదలదు. థర్మోకోల్ గ్లాసులో పోస్తే గ్లాసు కుంగిపోతుంది. అందుకే దీన్ని గాజు సీసాలోనే ఉంచాలి. రంగు గాజైతే ఇంకా మంచిది. దీనికి తేలిగ్గా నిప్పంటుకుంటుంది కూడా. పొయ్యి పక్క అలమారలోనూ, దేవుడి గూట్లో దీపం పక్కనా పెట్టకండి.

ఇక మా ఇంట్లో జరిగింది చెప్పాలి. చాలా ఏళ్లయింది. మా అక్క ఊటీ నుంచి పెద్ద సీసా తెచ్చింది. అందరికీ పంచాలని చిన్న సీసాల్లోకి వంచింది. ఖాళీగా ఉన్న దగ్గుమందు సీసా కడిగి, అందులోనూ పోసింది. మిగతా మందుల పక్కనే పెట్టింది. నెల తర్వాత ఒక రాత్రి కరెంటు పోయింది. మూడేళ్ల మనవడు దగ్గుతున్నాడు. మా బావగారు చీకట్లో తడిమి దగ్గుమందు సీసా తీశారు. చెంచాలో పోశారు. వాడి నోటి దాకా తీసుకెళ్లారు. వాడు పెదవి తగిలించి కెవ్వుమన్నాడు. అప్పుడు గుప్పుమంది వాసన. మా అక్క చెంచాను చేత్తో కొట్టి పడేసింది. వాడు మింగింది నాలిక తడిసేంతే. అయినా ఆసుపత్రికి తీసుకెళ్లారు. తెల్లవార్లూ చూసి, ఫర్వాలేదని పంపించారు. ఆ ఆరేడు గంటలు మా బావగారు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన తప్పేముంది? సీసా దగ్గుమందుది. దాని మీది కాగితం దగ్గుమందుది. ఉన్న చోటు మందుల చోటు.

అందుకని చెబుతున్నాను. ఈ తైలాన్ని మందు సీసాలోకి వంచకండి. మంచినీళ్ల సీసాలోకీ వంచకండి. దగ్గుమందు, గ్రైప్ వాటర్, వాము నీళ్లు ఉండే చోట దీన్ని ఉంచకండి.

ఎంత తాగితే ప్రమాదం అని అడుగుతారు. ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్లు, పిల్లల ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలున్నాయి. అంతకంటే తక్కువకే ఫిట్స్ వచ్చిన పిల్లలున్నారు. నోరు, గొంతు మండుతాయి. వాంతి అవుతుంది. తర్వాత మగత కమ్ముతుంది. నడక తూలుతుంది. ఫిట్స్ రావచ్చు, స్పృహ పోవచ్చు. కొన్ని నిమిషాల్లోనే మొదలు కావచ్చు, గంట రెండు గంటల తర్వాతా రావచ్చు. కాబట్టి బాగానే ఆడుకుంటున్నాడు కదా అని ఇంట్లో కూర్చోవద్దు.

పిల్లవాడు మింగాడని అనుమానం వస్తే ఏం చేయాలి? ఇది కాస్త నెమ్మదిగా చెబుతాను, మనసు పెట్టి వినండి. వాంతి చేయించకండి. ఉప్పునీళ్లు తాగించకండి, గొంతులో వేలు పెట్టకండి. ఎందుకంటే ఈ తైలం కడుపులో ఉన్నప్పటికంటే ఊపిరితిత్తుల్లోకి పోతే ఎక్కువ చేటు చేస్తుంది. వాంతి అయ్యేటప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి దారి తీస్తుంది. మళ్లీ చెబుతున్నాను, వాంతి చేయించకండి. 108కి ఫోన్ చేయండి, లేదా దొరికిన బండి మీద ఆసుపత్రికి వెళ్లండి. సీసాను వెంట తీసుకెళ్లండి. ఏది మింగాడో, ఎంత తగ్గిందో డాక్టరుకు అది చెబుతుంది. దారిలో ఫిట్స్ వస్తే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. చేతిలో తాళంచెవులు పెట్టడం వల్ల ఫిట్స్ ఆగవు. కంట్లో పడితే మంచినీళ్లతో పదిహేను నిమిషాలు కడుగుతూనే ఉండి, అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నాకిచ్చిన సమయం అయిపోవస్తోంది. మా అక్క ఇంట్లో ఇప్పుడు తైలం సీసా బీరువా పై అరలో, తాళం వెనక ఉంటుంది. దాని మీద ఆమె ఒక తెల్లకాగితం అంటించింది. ఎర్ర సిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: "పీల్చడానికి మాత్రమే. చెంచా వాడొద్దు." ఆ మనవడు ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. జలుబు చేసినప్పుడు ఆ సీసా వాడే తెచ్చిస్తాడు, రుమాలుతో సహా.